ఇంట్లో ఐదుగురు, ఓటు ఏ ఊళ్ళో? ఒక ఫ్యామిలీ కౌన్సెలింగ్ కేసు

కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను, పేర్లు అసలు వాడను. తాతగారు, నాయనమ్మ, నాన్న, అమ్మ, అమ్మాయి, అంతే. బెంగళూరులో తెలుగు కుటుంబాలతో పనిచేసేవాళ్ళకి ఇలాంటి కేసు ఏదో ఒక రూపంలో తగిలే ఉంటుంది. రాజకీయాల వల్ల ఇల్లు రెండుగా చీలిందని చెప్పుకుంటూ మాత్రం ఎవరూ రారు. "అమ్మాయి మాట వినట్లేదు మేడమ్" అని వస్తారు.

ఇక్కడా అలాగే. 2025 జూలైలో అమ్మ ఫోన్ చేసింది. అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, ఇల్లు మారతహళ్లిలోనే ఉన్నా కాలేజీ దగ్గర పీజీ హాస్టల్‌కి వెళ్ళిపోయింది, నాన్నతో మాటల్లేవు, తాతగారి ఫోన్ ఎత్తదు. కారణం ఇన్‌స్టాగ్రామ్. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ హాస్పిటల్‌లో ట్రైనీ డాక్టర్ మీద జరిగిన అత్యాచారం, హత్య తర్వాత బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో జరిగిన నిరసనకి ఆ అమ్మాయి వెళ్ళి, ప్లకార్డు పట్టుకున్న ఫోటో పెట్టింది. అది ఎవరో చిన్నాన్న స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేస్తే అప్పుడే ఒక చిన్న గొడవైంది. అసలు పేలింది మాత్రం 2025 జూన్ తర్వాత. స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలని అమెరికా ప్రకటించింది కదా, నాన్నకి టెన్షన్ పట్టుకుంది. ఎమ్మెస్ ప్లాన్ ఉంది. "అవన్నీ తీసెయ్" అన్నాడు, అమ్మాయి తీయనంది, ఒక రాత్రి అమ్మాయి నిద్రపోయాక ఆయనే ఫోన్ తీసుకుని ఆ ఫోటోతో పాటు కాస్త రాజకీయం వాసన ఉన్న పోస్టులన్నీ డిలీట్ చేసేశాడు. పొద్దున గొడవలో తాతగారు పక్కనుంచి ఒక మాట అన్నారు: "మేం జైలుకెళ్ళాం. నువ్వు పార్కుకెళ్ళి ఫోటో దిగొచ్చావు. దీనికింత రాద్ధాంతమా?" ఇల్లు వదిలి వెళ్ళేలా చేసింది డిలీట్ కాదు, ఈ మాట అని అమ్మాయి తర్వాత నాతో చెప్పింది.

కుటుంబం గురించి క్లుప్తంగా. తాతగారిది నెల్లూరు జిల్లా, కావలి వైపు పల్లె. డెబ్బై ఐదేళ్ళు, మనిషి గట్టిగా ఉంటారు, కొడుకు ఇంటికొచ్చి చాలా ఏళ్ళైంది గానీ మనసు ఊళ్ళోనే. నాయనమ్మ తక్కువ మాట్లాడుతుంది. నాన్న 1974లో పుట్టాడు, 1998 నుంచి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. అమ్మ ప్రైవేటు స్కూల్లో టీచర్. అమ్మాయి పుట్టిపెరిగిందంతా ఇక్కడే, కన్నడ గలగలా మాట్లాడుతుంది, తెలుగు చదవడం అంతంత మాత్రం.

మొదటి రోజు అమ్మాయి రాలేదు. మిగతా ముగ్గురూ వచ్చారు, నాయనమ్మ "రాజకీయాల సంగతి నాకెందుకు" అని ఇంట్లోనే ఉండిపోయింది. తాతగారు కుర్చీలో కూర్చోగానే "మీదే ఊరమ్మా?" అని అడిగారు. తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరు తెలిస్తే ఇంటిపేరు, ఇంటిపేరు తెలిస్తే కులం, కులం తెలిస్తే మీరు ఎవరికి ఓటేస్తారో కూడా నిమిషంలో తేల్చేస్తారు. జిల్లా పేరు చెప్పి అక్కడితో ఆపాను. ట్రైనింగ్‌లో తటస్థంగా ఉండాలని నేర్పిస్తారు గానీ, మనం తలుపు తీసేలోపే మనకో పార్టీ అంటగట్టే క్లయింట్ ముందు తటస్థత ఎలా నిలబెట్టుకోవాలో నేర్పరు. నా పద్ధతి ఒకటే, నా అభిప్రాయం దాచుకున్నానని చెప్తాను, అభిప్రాయమే లేనట్టు నటించను.

ఆ రోజు అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. మీ ఓటు ఎక్కడుంది?

ఇలాంటి కేసుల్లో ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న నాకు ఇంతవరకూ దొరకలేదు. ఏ పార్టీ అని అడిగితే వాదన మొదలవుతుంది, ఓటు ఎక్కడ అని అడిగితే జీవితం బయటికొస్తుంది. తాతగారి ఓటూ నాయనమ్మ ఓటూ ఊళ్ళో ఉన్నాయి. 2024 మే 13న ఆంధ్ర పోలింగుకి బెంగళూరు నుంచి వెళ్ళే బస్సులూ రైళ్ళూ ఎలా కిక్కిరిసిపోయాయో ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తాతగారు ఆ రద్దీలో నడుం నొప్పితో భార్యని వెంటేసుకుని వెళ్ళి ఓటేసి వచ్చారు. ఆ ఎన్నికల్లో ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది. అంతకు పదిహేడు రోజుల ముందు, ఏప్రిల్ 26న, బెంగళూరు నగరంలోని మూడు లోక్‌సభ నియోజకవర్గాల్లో అది 54 శాతం దగ్గరే ఆగిపోయింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా ఆ ఇంట్లో హాల్లోనే కనిపిస్తోంది. అమ్మాయి ఓటు మహదేవపుర నియోజకవర్గంలో ఉంది, 2023 మే అసెంబ్లీ ఎన్నికల్లో మొదటిసారి వేసింది. తాతగారి ఫిర్యాదుల్లో ఇది కూడా ఒకటి: "ఫారం నింపేటప్పుడు ఊరి అడ్రస్ ఇవ్వమన్నాను, వినలేదు." అప్పుడు అమ్మాయి ఊరుకోకుండా అసలు తాతయ్య ఓటే అక్కడ చెల్లదని చట్టం తీసి చూపించిందట. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మామూలుగా నివసించే చోటే ఓటు ఉండాలి, ఊళ్ళో ఇల్లున్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు లెక్క కాదు. అమ్మాయి చెప్పింది కరెక్టే. కానీ డెబ్బై ఐదేళ్ళ మనిషికి సొంత ఊళ్ళో ఓటు చెల్లదని చెప్పడమంటే, ఆ ఊరికి నువ్వు ఏమీ కావు అని చెప్పడమే. ఈ ముక్క ఆ పిల్లకి అప్పట్లో తెలీదు.

అమ్మ ఓటు బెంగళూరులోనే ఉందట. గ్యాస్ కనెక్షన్‌కి అడ్రస్ ప్రూఫ్ కావాలని 2008లో కార్డు చేయించుకుంది, అప్పట్నుంచీ ప్రతి ఎన్నికలోనూ పాలు తేవడానికి వెళ్ళినట్టు వెళ్ళి ఓటేసి వస్తోంది. భర్తకి తెలీదు. మామగారికీ తెలీదు. ఆయన మొహం చూడాలి అప్పుడు.

ఇక నాన్న. ఆయనకి ఎక్కడా ఓటు లేదు. ఊరి జాబితాలోంచి పేరు ఎప్పుడో తీసేశారు, ఇక్కడ నమోదు చేసుకోలేదు. పాతికేళ్ళు దాటింది ఈ నగరంలో, ఇల్లు కొన్నాడు, ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ కడతాడు, ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు. తాతగారేమో ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ "మావాడు బెంగళూరులో వేశాడు" అని చెప్పుకుంటూ వస్తున్నారు.

ఇక్కడే నా దృష్టి మారింది. పైకి చూస్తే ఇది తాతామనవరాళ్ళ గొడవ. చూసేవాళ్ళందరి కళ్ళూ అటే పోతాయి, ఎందుకంటే అరుపులు అక్కడే ఉన్నాయి. కానీ వాళ్ళిద్దరిదీ ఒకే జాతి: ఇద్దరికీ వీధిలోకి దిగడం ఇష్టం, ఇద్దరికీ తమ మాట నెగ్గాలి. అసలు ముడి మధ్యలో నోరు మెదపకుండా కూర్చున్న మనిషి దగ్గరుంది. ఇది నా అభిప్రాయం, నాతో ఏకీభవించని తోటి కౌన్సెలర్లు ఉన్నారు, ఉండనివ్వండి. యాభై ఏళ్ళ వయసున్న తండ్రులు "మనకెందుకు" అన్నప్పుడల్లా దాన్ని స్వార్థం అనో, మధ్యతరగతి పిరికితనం అనో కొట్టిపారేస్తాం. ఎవరైనా ఒక విషయం నుంచి అంత దూరం జరిగారంటే ఎప్పుడో అది వాళ్ళని కాల్చి ఉంటుంది కదా, ఎక్కడ కాల్చిందో మాత్రం అడగం.

రెండో సెషన్‌కి అమ్మాయి వచ్చింది, తాతగారికి ఎదురుగా కూర్చోనని ముందే షరతు పెట్టి. ఆ రోజు చార్టు పని చేయించాను. కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లో తరాల గురించి రాసిన వ్యాసంలో ఒక ఆలోచన ఉంది, యవ్వనం మొదట్లో మనిషి చుట్టూ జరిగేదే అతని లోకజ్ఞానానికి పునాది అవుతుందని. దాన్ని నేను మోటుగా వాడుకుంటాను: పదిహేడు నుంచి పాతికేళ్ళ మధ్య మీ చుట్టూ ఏం జరిగింది, మీరేం చేశారు, ఇంట్లో ఏమన్నారు, మూడు గడులు. తాతగారి గడులు సరిపోలేదు, వెనక్కి తిప్పి రాశారు. 1972లో జై ఆంధ్ర, కాలేజీలు మూసేయడం, లాఠీ దెబ్బ. 1975 ఎమర్జెన్సీ. వయసు దాటిపోయినా ఆగకుండా 1982 మార్చి 29, తెలుగుదేశం పార్టీ పుట్టిన రోజు. 1983 జనవరి గెలుపు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చెయ్యడం, ఎమ్మెల్యేలని కర్ణాటకకి తరలించి కాపాడుకోవడం, వీధుల్లో జనం, సెప్టెంబర్ 16న మళ్ళీ ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం. ఆ నెల రోజుల ఆందోళనలోనే ఈయన్ని అరెస్టు చేశారు. మొత్తం చెప్పేటప్పుడు ఆయన గొంతు పాతికేళ్ళ కుర్రాడిలా ఉంది.

అమ్మాయి కాగితం మీద 2022 ఫిబ్రవరి. హిజాబ్ గొడవతో కర్ణాటకలో కాలేజీలు మూసేశారు, తెరిచాక తన బెంచీలో కూర్చునే అమ్మాయి రావడం మానేసింది. మార్చిలో హైకోర్టు తీర్పు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి అపార్ట్‌మెంట్లో నీళ్ళకి రేషన్. ఆ ఆగస్టులో ఫ్రీడమ్ పార్కు. "ఇంట్లో ఏమన్నారు" గడిలో మాత్రం మూడుసార్లూ ఒకటే రాసింది: "చదువుకో."

నాన్న కాగితం దాదాపు ఖాళీ. వై2కే (2000 సంవత్సరం కంప్యూటర్ తేదీల సమస్య), ఉద్యోగం, అంతే. 1990లో మండల్ రిజర్వేషన్ల గొడవలతో దేశమంతా అట్టుడికినప్పుడు ఆయన ఇంటర్లోకి అడుగుపెట్టే వయసు, 1992లో బాబ్రీ కూలినప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. అవేవీ రాయలేదు. గుర్తులేవా అంటే, "గుర్తున్నాయి మేడమ్, నాకు సంబంధం లేదు" అన్నాడు.

కౌన్సెలర్ పాఠాలు చెప్పకూడదంటారు. ఆ రోజు నేనొకటి చెప్పాను, మళ్ళీ ఇలాంటి సందర్భం వస్తే మళ్ళీ చెప్తాను. పార్కుకెళ్ళి ఫోటో దిగడం అన్న మాట పట్టుకుని ఇద్దరూ ఇంకా రగులుతూనే ఉన్నారు కాబట్టి, ఆ పార్కు ఏంటో తెలుసా అని అడిగాను. ఇద్దరికీ తెలీదు. ఫ్రీడమ్ పార్కు ఒకప్పుడు బెంగళూరు సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీ ఉన్నది అందులోనే. నటి స్నేహలతా రెడ్డిని 1976లో పట్టుకుని పెట్టిందీ అక్కడే, ఉబ్బసంతో నరకం చూసింది, 1977 జనవరిలో పెరోల్ మీద వదిలారు, అదే నెల 20న చనిపోయింది. ఆవిడ నెల్లూరు పట్టాభిరామరెడ్డి గారి భార్య అనేసరికి తాతగారు నిటారుగా కూర్చున్నారు. "మన పట్టాభి? ఆవిడని ఇక్కడ పెట్టారా?" అని. ఇంకో సంగతి కూడా ఆయనకి తెలీదు, ఇప్పుడు బెంగళూరులో నిరసన ఎక్కడ పడితే అక్కడ చెయ్యడానికి వీల్లేదు. 2021 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ పార్కులోనే చేసుకోవాలి, బయట చేస్తే కేసు. మనవరాలు పార్కుకెళ్ళింది సరదాకి కాదు, వెళ్ళనిచ్చే చోటు అదొక్కటే. తాతగారు క్షమాపణ చెప్పలేదు, ఆయన వయసుకి అది నేను ఆశించనూ లేదు. "అయితే ఇప్పుడు జైల్లోనే ధర్నా చేయిస్తున్నారన్నమాట" అన్నారు. అమ్మాయికి నవ్వొచ్చింది, ఆపుకుంది.

మూడో సెషన్‌లో అదంతా కొట్టుకుపోయింది. ఏదో మాట మీద మాట పెరిగి అమ్మాయి అనేసింది: "తాతయ్యా, మీకున్నది పార్టీ పిచ్చి కాదు, కులం పిచ్చి. మన కులం వాళ్ళు వేరే పార్టీ పెడితే అందులో ఉండేవాళ్ళు." ఈ మాట తెలుగిళ్ళల్లో మనవళ్ళు మనసులో ఎన్నిసార్లు అనుకుంటారో గానీ ఎదురుగా అనరు. తాతగారి చెయ్యి వణికింది. "కులమే అయితే రెండెకరాలు ఎందుకు అమ్ముకుంటానే? మీటింగులకి, జీపులకి, అన్నాలకి సొంత డబ్బు పెట్టాను. ఒక్క కాంట్రాక్టు తీసుకోలేదు. కావాలంటే మీ నాన్నని అడుగు."

నాన్న అప్పుడు నోరు విప్పాడు. గొంతు పెంచలేదు. 1984లో పోలీసులు వచ్చినప్పుడు తనకి పదేళ్ళని, గడప దగ్గర నిలబడి చూశానని, తర్వాత స్కూల్లో పిల్లలు ఏమన్నారో చెప్పాడు. 1992లో ఇంజనీరింగ్ ఫీజుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టిందని, ఆ రెండెకరాలు ఉండి ఉంటే అవసరం ఉండేది కాదని, గాజులు మళ్ళీ విడిపించలేదని. "నాయనా, మీరు గెలిచారు, ఓడారు, మళ్ళీ గెలిచారు. డబ్బు కట్టింది మేము." తర్వాత అమ్మాయి వైపు తిరిగి, వీసా రాదని భయం కాదు, నీ కోసం ఎవరైనా గడప దగ్గరికి వస్తారని భయం అన్నాడు.

మీరనుకున్నట్టు తాతగారు కన్నీళ్ళు పెట్టుకోలేదు. "అప్పుడు ఎకరం ధర ఎంతో తెలుసా నీకు?" అని లెక్కలు మొదలుపెట్టారు. కొన్ని కుటుంబాల్లో పశ్చాత్తాపం పొలం ధరల రూపంలోనే వస్తుంది. నేను ఆయన్ని ఆపలేదు, చెప్పనిచ్చాను. ఆ లెక్క చెప్తూనే ఆయన మొదటిసారి కొడుకు వైపు చూసి మాట్లాడారు.

ఆ రాత్రి నాన్న ఒక పని చేశాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో డిలీట్ చేసినవి ముప్పై రోజుల దాకా ఉంటాయి, తిరిగి తెచ్చుకోవచ్చు. అమ్మాయికి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. కావాలనే ముట్టుకోలేదు, తీసినవాళ్ళే పెట్టాలని పంతం. గడువు దగ్గరికొచ్చింది. నాన్న ఆమె దగ్గర ఫోన్ అడిగి తీసుకుని ఫ్రీడమ్ పార్కు ఫోటో ఒక్కటి తిరిగి పెట్టి, మిగతావి నువ్వు చూసుకో అని ఇచ్చేశాడట. కొన్ని ఆమె తెచ్చుకుంది, కొన్ని వదిలేసింది. ఏవి ఎందుకో నేను అడగలేదు. వీసా విషయంలో నేను ఇచ్చిన సలహా ఏమీ లేదు, అది నా పని కాదు. ఎవరి ఫోన్ వాళ్ళదే అన్న ఒప్పందం మాత్రం నోటితో కాకుండా కాగితం మీద రాయించాను, చిన్నాన్న స్క్రీన్‌షాట్లతో సహా.

నాయనమ్మ గురించి విడిగా రాయాలి. నాలుగోసారి నేనే కబురు చేసి రప్పించాను. గాజుల సంగతి బయటికొచ్చాక ఆవిడ లేకుండా ముందుకెళ్ళడం కుదరదు. చార్టు ఇస్తే "నాకు రాజకీయాలు తెలీవు" అని పక్కన పెట్టింది. సరే, ఊళ్ళో మీరెప్పుడైనా దేనికోసమైనా బయటికొచ్చారా అంటే, "సారా అప్పుడు" అంది. నెల్లూరు జిల్లా, 1992. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ, అక్షరాస్యత వాచకంలో పాఠమై, ఊరూరా పాకిందని మనకి తెలుసు. ఈవిడ ఊళ్ళో కూడా రాత్రి బడిలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు సారా జీపుకి అడ్డం కూర్చున్నారు. వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడు తాతగారెక్కడ? ఇంట్లో. సారా కాంట్రాక్టరు ఆయన పార్టీవాడే, మొహమాటం. "ఆయన వద్దన్నారు. నేనెళ్ళాను" అంది నాయనమ్మ, పప్పులో ఉప్పు వేశాను అన్నంత మామూలుగా. తర్వాత 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం, రెండూ తాతగారి పార్టీ హయాంలోనే. దాని గురించి ఆవిడ వ్యాఖ్య: "మేం మూశాం, వాళ్ళు తెరిచారు."

మనవరాలికి ఇరవై ఒకటేళ్ళు, ఈ సంగతి ఆ రోజే వినడం. రాజకీయం అంటే పార్టీ అనుకునే తాతగారు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. రాజకీయం అంటే ప్రమాదం అనుకునే నాన్నకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు, హాస్టల్లో ఉన్నాడు, అమ్మ జీపుకి అడ్డం కూర్చుందని సెలవులకి వచ్చాక తెలిసి సిగ్గుపడ్డాడట. సిగ్గెందుకు అంటే చెప్పలేకపోయాడు. అమ్మాయి ఆ తర్వాత గంటసేపు నాయనమ్మని ప్రశ్నలు అడుగుతూనే ఉంది, జీపు నంబరు దాకా. సెషన్ టైము దాటిపోయింది, నేను నెక్స్ట్ అపాయింట్‌మెంట్ వాళ్ళని కాసేపు బయట కూర్చోబెట్టాను.

ఇదంతా అయ్యాక అందరూ ఒక్కటైపోయారా అంటే, లేదు. అమ్మాయి పీజీలోనే ఉంది, శనాదివారాలు ఇంటికొస్తుంది. తాతగారిది కులమా పార్టీనా అన్న ప్రశ్న తేలలేదు, తేలేది కూడా కాదు, రెండూ ఆయనలో విడదీయలేనంతగా కలిసిపోయాయి. అమ్మాయి ఆ మాట వెనక్కి తీసుకోలేదు. దసరాకి మాత్రం తాతగారిని ఫ్రీడమ్ పార్కుకి తీసుకెళ్ళింది, పాత జైలు గోడలు చూపించడానికి. నాన్న మహదేవపురలో కొత్త ఓటరుగా నమోదుకి ఫారం 6 పెట్టాడు. ఎవరికి వేస్తావని తాతగారు అప్పుడే అడిగేశారు, నాన్న సమాధానం చెప్పలేదు. ఈసారి ఆ మౌనం నాకు ఆరోగ్యంగానే అనిపించింది, రహస్య ఓటు అంటే ఇంట్లోవాళ్ళ నుంచి కూడా రహస్యమే కదా.

వెరిఫికేషన్‌కి బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) వచ్చినప్పుడు తాతగారే దగ్గరుండి కాగితాలన్నీ చూపించారట. ఆ చేత్తోనే తాతగారి ఓటు కూడా ఇక్కడికి మార్చే ఫారం 8 ఇమ్మని అమ్మాయి బీఎల్‌ఓని అడిగితే తాతగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆంధ్రలో వచ్చే ఎన్నికల దాకా ఈ గొడవ నడుస్తుంది. దీనికి సెషన్ అక్కర్లేదులెండి మేడమ్ అని చెప్పి అమ్మ చివరి అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంది.